మబ్బులో ఆరు చుట్లు

భద్రాచలం అడవి అంచున ఉన్న పాత ఎయిర్‌స్ట్రిప్‌లో గ్లైడర్ పోటీ. బయల్దేరే ముందు పైలట్లను, కాక్‌పిట్‌లను తనిఖీ చేసే పని పగిడయ్యది. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. అందరి జేబులూ తడిమి చూశాడు. షాలేమ్‌రాజు దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. షాలేమ్‌రాజు ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. పగిడయ్య కూతురు ఆయన దగ్గరే చదివింది.

"ఫోన్ గిట్ల ఏం లేదు గద సార్?"

"లేదన్నా."

"మీరు చెప్తే చాలు."

ఫోన్ ఆయన ఎడమకాలి మేజోడులో ఉంది.

గ్లైడర్‌కు ఇంజన్ ఉండదు. ఎండకు కాగిన నేల మీంచి లేచే గాలిలో చుట్లు తిరుగుతూ పైకి పోవాలి. ఆ గాలి మబ్బులోకి కూడా పోతుంది, మనిషి మాత్రం పోకూడదు. లోపల ఏది పైనో ఏది కిందో తెలియదు, పక్కనున్న గ్లైడర్ కనపడదు. పోవాలన్న ఆశే పుట్టకుండా, రెక్క ఎటు వాలిందో చూపే పరికరం ఏదీ లోపల ఉండొద్దని నియమం. ఫోన్‌లో అలాంటి యాప్ ఉన్నా తప్పే. షాలేమ్‌రాజుకు ఇదంతా తెలుసు. పొరపాటున మబ్బులో చిక్కుకుంటే పనికొస్తుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. వరసగా మూడేళ్లు రెండో స్థానమే వచ్చింది ఆయనకు.

పాల్వంచ వైపు పోయి తిరిగొస్తుంటే గాలి చచ్చుబడింది. ఒక్క మబ్బు కింద మాత్రం బాగా లేస్తోంది. ఆయన కంటే కాస్త కిందుగా నాగలత గ్లైడర్ తిరుగుతోంది. తల్లాడ రైతుల ఇంటి పిల్ల, ఆమెకిది మొదటి పోటీ. మబ్బు అడుగు నెత్తిమీదికి రాగానే ఆయన పక్కకు తప్పుకోవాలి. తప్పుకోలేదు. ఫోన్ తీసి తొడమీద పెట్టుకున్నాడు. చుట్టూ తెల్లగా మూసుకుపోయింది. ఫోన్‌లో రెక్క వాలును చూపే గీతను చూస్తూ ఆరు చుట్లు తిరిగాడు. బయటికొచ్చేసరికి మిగతా వాళ్లెవరికీ లేనంత ఎత్తు. అక్కడి నుంచి తిన్నగా స్ట్రిప్‌కు దిగాడు.

నాగలత సాయంత్రం ట్రాక్టర్ మీద వచ్చింది. గాలి అందక పత్తి చేనులో దిగిందట. రెక్క చీరుకుపోయింది, ఆమె నుదుటికి కట్టు ఉంది. గ్లైడర్ పోయిన దారిని, ఎత్తును రాసుకునే రికార్డర్‌లో మీరు మబ్బు లోపల ఉన్నట్టు కనపడుతోందేమిటని న్యాయనిర్ణేతలు షాలేమ్‌రాజును అడుగుతున్నారు. ఆయన నోరు తెరిచేలోపు ఆమే అందుకుంది.

"సార్ తప్పేం లేదు. మబ్బే గుంజుకుంది, నేను కింద నుంచి చూసిన. ఏ దిక్కు బయటపడ్తరో తెల్వక, అడ్డం కావద్దని ఆ గాలి ఇడిచి నేనే జరిగిన."

ఆయన అవునన్నాడు. కొన్ని పాయింట్లు కోశారు, అయినా ఆయనే మొదట వచ్చాడు.

ఆదివారం చర్చిలో, మబ్బులోంచి దేవుడు కాపాడిన సంగతి సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు మైకిచ్చారు. భార్య సంపూర్ణ ఆయనకు ముందే చెప్పి పెట్టింది. షాలేమ్‌రాజు లేచి మైకు అందుకుని, వెంటనే తిరిగిచ్చేశాడు. కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. చుట్టూ ఆడవాళ్లు స్తోత్రం అన్నారు. సంపూర్ణ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని ఆయన ఓర్చుకోలేకపోయాడు. ఇంటికి పోతూ దారిలో అంతా చెప్పేశాడు.

"ఆ పిల్లకు చెప్పిన్రా?" అని మాత్రం అడిగింది ఆమె.

సోమవారం మొదట పగిడయ్య ఇంటికి పోయాడు. పగిడయ్య తల వంచుకుని విన్నాడు.

"రికార్డర్‌ల చూసినప్పుడే అనుకున్న సార్. పరికరం లేంది మబ్బుల గంత గుండ్రంగ ఎవ్వరు తిరగలేరు. కానీ జేబు చూడకుంట పంపింది నేను. ఏ మొఖం పెట్టుకుని అడుగుదు?"

పోటీ కమిటీకి కూడా ఆయనే జరిగింది రాసిచ్చాడు. వాళ్లు రెండేళ్లు ఆయన్ని పోటీలకు దూరం పెట్టారు. తనిఖీ పని ఇక వద్దని పగిడయ్య తనంతట తనే మానుకున్నాడు. మానొద్దని షాలేమ్‌రాజు బతిమాలాడు. పగిడయ్య వినలేదు.

తల్లాడలో నాగలత వాకిట్లోనే కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టింది. చెప్పిందంతా విని ఒక్కటే అడిగింది.

"నేను జరగకపోతే, మీరు మబ్బుల నుంచి దిగేటప్పుడు నేను కనపడేదాన్నా సార్?"

"లేదమ్మా."

ఆమె లేచి లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. కొంతసేపటికి, ఏ సంగతీ తెలియని వాళ్లమ్మ, కూతురి కోసం సార్ వచ్చిండని సంబరంగా చాయ్ తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని తాగలేక, కింద పెట్టలేక అట్లాగే కూర్చున్నాడు.