డెలోరిస్ మింగిన మందు

లా చదివిన కొత్తలో మార్నీ టోల్లెఫ్సన్ అమెరికాలోని డులూత్ రేవు పట్నంలో చర్చి వంటశాలలకూ, ఓడ కార్మికుల వితంతు సంఘాలకూ ట్రస్టు పత్రాలు రాసిపెట్టేది. తర్వాత చాలాకాలం ఒక దాతృత్వ సంస్థలో పనిచేసింది. చివరికి ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేసే సంస్థలో చేరి, దాతలకూ డాక్టర్లకూ మధ్య ఒప్పందాలు చూసేది. ఇచ్చేవాడి మనసూ పుచ్చుకునేవాడి పనీ రెండూ చెడకుండా చూడటమే తన ఉద్యోగం అనేది.

ఆ దాతల్లో ఆర్విడ్ నైగార్డ్ అంటే ఆమెకు ప్రత్యేకమైన గౌరవం. మంచు తోసే యంత్రాలు చేసి పైకొచ్చిన మనిషి. భార్య డెలోరిస్ ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుతో పోయాక, చివర్లో ఆమె వాడిన మందు మీదే, ఆమె పేరుతో పెద్ద పరీక్ష జరిపించమని విరాళమిచ్చాడు. కొన్నేళ్లకు ఫలితం తేలింది. ఆ మందు వల్ల ఎవరికీ మేలు జరగలేదు. పైగా తిన్నది కడుపులో నిలవనివ్వలేదు.

ఆ ఫలితాన్ని అచ్చు వేయొద్దని ఆర్విడ్ కబురు పెట్టాడు. డైరెక్టర్ రస్సెల్ ప్రెంటిస్ మార్నీ గదికి వచ్చాడు.

"ఫలితం ఏదైనా అచ్చు వేసి తీరాలని ఒప్పందం రాసింది నువ్వేగా. ఎక్కడో సందు చూడు. మనం కట్టబోయే కొత్త ల్యాబుకు డబ్బిస్తానన్నది ఆయనే."

"సందు లేకుండా రాయడానికే నన్ను పెట్టుకున్నారు, రస్సెల్."

"కాస్త ఆలస్యం చేద్దాం, అంతే. కొంపలేం మునగవు."

"ఆ మందు మింగుతున్నవాళ్లకి ఆ మాట మీరు చెప్తారా?"

అన్నదే గానీ, కొత్త ల్యాబును నమ్ముకున్నవాళ్లు ఆమెకు పేరుపేరునా తెలుసు. ఉత్తరం రాసి చేతులు దులుపుకోబుద్ధి కాక, కారు తీసి సరస్సు ఒడ్డునున్న ఆర్విడ్ ఇంటికి వెళ్లింది.

ఆయన కాఫీ పోశాడు గానీ కూర్చోమనలేదు.

"ఏం లాయరమ్మా! మా ఆవిడ పేరు పెట్టి, అంతా దండగైందని ఊరంతా చాటుతావా?"

"పనికిరానిది మందు, ఆర్విడ్ గారూ. ఆవిడ కాదు."

"నాకు రెండూ ఒకటే." ఆయన కాఫీ కెటిల్ బల్ల మీద పెట్టేశాడు. "ఆ బిళ్లలు తెచ్చింది నేను. వద్దు మొర్రో అంది. వాంతులు చేసుకుంటూ కూడా మింగింది, నా కోసం. ఇప్పుడవి ఉత్తవేనంటే, చివరి రోజుల్లో దాన్ని ఊరికే ఏడిపించానన్నమాటేగా?"

మార్నీ దారంతా కూడగట్టుకొచ్చిన చట్టం మాటలు పక్కన పెట్టింది. తనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అప్పుడెవరికీ తెలీదు. ఇప్పుడు తెలిసిందంటే మీ వల్లే. ఈ పూట కూడా ఎవరో ఒకాయన వాళ్లావిడ చేతిలో ఆ బిళ్ల పెడుతూ ఉంటాడు. మీలాగే, ప్రేమతోనే."

ఆర్విడ్ కిటికీ దగ్గరకు వెళ్లి సరస్సు వైపు తిరిగాడు.

"నేను కోర్టుకెక్కితే?"

"ఎదురుగా నేనే నిలబడతాను."

ఆయన ముక్కుతో నవ్వాడు. "మొండిఘటానివి! సరే, అచ్చు వేసుకోండి. ల్యాబు ఊసు మాత్రం ఎత్తకండి."

వ్యాసం అచ్చయింది. ల్యాబు ఆగిపోయింది. ప్రెంటిస్ తర్వాతి ఒప్పందాలను బయటి లాయర్లకు ఇచ్చాడు. ఉద్యోగం పోయిన ఒక పరిశోధకురాలు, "మీ నిజాయితీ మా ఇంటద్దె కట్టదు" అని మొహం మీదే అనేసి వెళ్లింది. చుట్టుపక్కల డాక్టర్లు ఆ మందు రాయడం మానేశారన్న వార్త వచ్చినా, ఆ మాట మార్నీని వదల్లేదు.

ఆకులు రాలే కాలంలో ఆర్విడ్ ఆఫీసుకు వచ్చాడు.

"ఆ పరీక్షకు ఒప్పుకున్నవాళ్లని ఒకసారి చూడాలి. పేర్లు చెప్తావా?"

"చెప్పకూడదు. మేమే పిలుస్తాం, ఇష్టమున్నవాళ్లు వస్తారు. భోజనం పెడదామా?"

చర్చి హాల్లో పెట్టారు. కొందరు ముక్కుకు ఆక్సిజన్ గొట్టాలతోనే వచ్చారు. ఆర్విడ్ బంగాళాదుంపలు పరిచి ఓవెన్‌లో కాల్చిన హాట్‌డిష్ పళ్లెం పట్టుకుని బల్లబల్లకూ తిరిగి వడ్డించాడు. ఒక ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుని, "ఆ మందు మానేశాక మళ్లీ అన్నం సయిస్తోంది బాబూ" అంది. ఆయన పళ్లెం పక్కన పెట్టి, ఆవిడ పక్కనే కూర్చుండిపోయాడు. మార్నీ ఆ పళ్లెం అందుకుని తక్కిన బల్లలకు వడ్డించింది.