కోటు జేబులో సూది

ఆసుపత్రి బట్టలు ఉతికే చోట మాకొక నియమం ఉంది. చేతులకు గ్లౌజులు లేకుండా మూట విప్పకూడదు. కానీ గ్లౌజులు ఉంటే వేళ్లకు ఏమీ తెలియదు. డాక్టరు కోటులో ఒక్క పెన్ను ఉండిపోయిందంటే మిషనులో దుప్పట్లన్నీ నీలం మరకలే. అందుకే పన్నెండేళ్లుగా గ్లౌజు తీసేసి జేబులన్నీ ఉత్తచేత్తో తడుముతాను. సోమవారం ఉదయం అలా తడుముతుంటే ఒక కోటు జేబులోని ఇంజెక్షను సూది నా బొటనవేలిలో దిగింది.

రక్తం చుక్క లేచింది. ఎవరూ చూడలేదు. సబ్బుతో కడుక్కుని, గ్లౌజు తొడుక్కుని పనిలో పడ్డాను. చెబితే ఉద్యోగం పోతుంది. పోయినేడాది ఇలాగే గ్లౌజు తీసి పనిచేసిందని ఒకామెను పంపేశారు. మా ఆయన పోయాక ఇల్లు నడిచేది నా రెక్కల మీదే.

కానీ ఆ సూది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో? పై అంతస్తులో ఎన్ని రోగాలవాళ్లు! ఇంట్లో కూతురు బాలింత.

"అమ్మా, మనవణ్ణి ఎత్తుకోవేం? వాడి మీద అలిగావా?" అంది ఆ సాయంత్రం.

"జలుబు చేసిందే," అని గోడ వైపు తిరిగాను.

మోకరించి ప్రార్థన చేశాను. "ప్రభువా, ఏమీ కాకుండా చూడు. ఎవరికీ తెలియకుండా చూడు." ఎన్నిసార్లు చేసినా, లేచి నిలబడేసరికి భయం మళ్లీ మొదలయ్యేది.

బుధవారం మధ్యాహ్నం దుప్పటి మడత పెడుతుంటే నా వైపు కొస మూడుసార్లు జారిపోయింది. అవతలి కొస పట్టుకున్నామెను మేమంతా రేడియో అంటాం, నోరు మూతపడదని.

"ఏంటక్కా, దెయ్యాన్ని గాని చూశావా? రెండ్రోజుల్నించీ ఇదే వాలకం."

చెప్పేశాను. రేడియో గొంతు తగ్గించింది.

"సూపర్‌వైజరమ్మకి చెప్పలేదా?"

"దేవుడికి చెప్పుకున్నా."

"ఏమని?"

"ఎవరికీ తెలియనివ్వొద్దని."

"బాగుందక్కా! నువ్వు దాక్కుని ఆయన్ని కాపలా పెట్టావా?"

నవ్వబోయాను, రాలేదు. నిజమే కదా. రెండు రోజులుగా ఆయన్ని నా అబద్ధానికి తోడు పిలుస్తున్నాను, నమ్మింది ఎప్పుడు? ఉద్యోగమూ, ఈ ఒళ్లూ, ఇంట్లో పసివాడూ, ఏది నా గుప్పిట్లో ఉంది గనక?

"ప్రభువా, వెళ్లి చెప్పేస్తా. ఆ తర్వాత నీ ఇష్టం," అనుకుని దుప్పటి వదిలేశాను. సూపర్‌వైజరు గదికి నడిచాను.

"ఎప్పుడు గుచ్చుకుంది?" ఆమె కుర్చీలోంచి లేచింది.

"సోమవారం పొద్దున."

"బుద్ధుందా నీకు? మూడు రోజులు దాటితే మందు వేసినా పనిచెయ్యదు, తెలుసా? పద, పద!"

"అమ్మా, నా ఉద్యోగం..."

"పైవాళ్లు ఏమంటారో నాకూ తెలీదు. ముందు నువ్వు బతుకు."

డాక్టరు రక్తం తీసుకుని, ఎయిడ్స్ సోకకుండా మాత్రలు రాశాడు. ఇరవై ఎనిమిది రోజులు వాడాలి. తర్వాత నెలల తరబడి పరీక్షలు. ఏమీ కాదని మాత్రం ఆయన మాట ఇవ్వలేదు.

వరండాలో బల్ల మీద కూర్చుని మొదటి మాత్ర మింగాను. భయం ఉంది. అయినా ప్రభువును అడగడానికి ఇంకేమీ తోచలేదు. అన్నీ ఆయనకు తెలుసు. ఊరికే ఆయన దగ్గర కూర్చున్నాను. అంతే, ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు.

"అక్కా, లే!" రేడియో భుజం కుదుపుతోంది. "నీ గురక లోపలి రోగులకి కూడా వినిపిస్తోంది."