ఎలీసమ్మ కుట్టిన పార్సిలు

పొద్దున్నే టీ గిన్నె దింపిన పొయ్యి మీద లక్క కరిగించడం ఎలీసమ్మకు అలవాటు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఎవరు పార్సిలు పంపాలన్నా ఆమె దగ్గరికే తెస్తారు. చిన్న వస్తువైతే ఆమెకు మరీ శ్రద్ధ. ముందు దూది, దూది చుట్టూ గట్టి డబ్బా, ఊపితే లోపల కదలకుండా డబ్బా నిండా గుడ్డపీలికలు. దానికి దళసరి కాగితం చుట్టి, ఆపైన తెల్ల గుడ్డ తొడిగి దగ్గర దగ్గరగా కుట్టేది. కుట్టు పొడవునా లక్క ముద్రలు వేసేది. లోపల ఏముందో తెలిసే మాట ఒక్కటీ గుడ్డ మీద రాయనిచ్చేది కాదు.

ఆమె కుట్టిన పార్సిలు ఏ ఊరు పోయినా, దాని చుట్టూ అయ్యే చప్పుళ్ళు ఆమె కుడి చెవిలో వినబడేవి. అవతల ఎవరో ఒకరు కుట్టు తెంపేదాకా అంతే. పక్కింటి చిలకమ్మ కొడుక్కి ఆవకాయ పంపితే, అది హాస్టలు గేటు దాటకముందే కుర్రాళ్ళు వాటాల కోసం తగువులాడుకుంటున్నారని ఎలీసమ్మ వంటింట్లోంచి చెప్పింది. చిలకమ్మ మర్నాడు ఇంకో డబ్బా పంపింది. పోస్టాఫీసులో బస్తాలు మోసేవాళ్ళు ఆమె పార్సిలు పక్కన ఉంటే బూతులు మాట్లాడరు.

ఈసారి పార్సిలు ఆమె సొంతం. అమ్మ ఎర్రరాళ్ళ కమ్మలు. అమ్మ పోయినప్పుడు అవి ఎలీసమ్మ దగ్గర ఉండిపోయాయి. చెల్లెలు జ్ఞానరత్నం అడిగింది, ఎలీసమ్మ ఇవ్వలేదు. ఒక మాట మీద ఒక మాట పెరిగి, అక్కాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. బారిపదలో ఉంటున్న చెల్లెలికి పోయిన వారం ఎలీసమ్మే తగ్గి ఫోను చేసింది. "కమ్మలు నువ్వే ఎట్టుకో రత్నం. నేనొచ్చి ఇస్తాను," అంది.

"నువ్వు రావద్దు. పోస్టులో పంపు," అంది రత్నం. "పంపినానని సెప్పి, దారిలో పోయింది, నేనేటి సెయ్యనూ అని మాత్రం అనకు."

అందుకే ఆమె రెండు వరసల కుట్టు వేసింది. ఇన్సూరు చేయించింది. పార్సిలు వ్యాను ఎక్కేదాకా ముసురులో గొడుగేసుకుని పోస్టాఫీసు అరుగు మీదే నిలబడింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి గంజి వారుస్తుంటే చెవిలో వ్యాను ఇంజిను రొద, రేకు మీద వాన చప్పుడు. ఉన్నట్టుండి ఇంజిను ఆగింది. తాడు విప్పిన చప్పుడు. గోనె గరగర. ఎవరి వేళ్ళో గుడ్డని తడిమాయి. ఆ తర్వాత, చెవికి ఆనించినంత దగ్గరగా, ధక్ ధక్‌మని గుండె.

ఎలీసమ్మ గిన్నె వంచిన చేయి వంచినట్టే ఉండిపోయింది. గంజి కాళ్ళ మీద పడింది.

"ఏటే, ఏటయింది?" అంటూ భర్త సుందర్ రాజు లేచాడు.

"గుండె వినబడతందండి."

"ఎవలిది?"

"బేగులో ఉన్న పార్సిలికి మనిషి గుండె ఎలా వినబడుద్దండి? తీసి జేబులో ఏసుకున్నాడు."

సుందర్ రాజు చొక్కా తగిలించుకుని వీధిలోకి పోయి టోటో బ్యాటరీ రిక్షాని పిలిచాడు.

దారి పొడవునా ఆ గుండె ఆమె చెవిలో కొట్టుకుంటూనే ఉంది. ఇంజిను మళ్ళీ మొదలైంది. దొంగవెధవ ఎంత నిమ్మళంగా పోతున్నాడో అనుకుంది. గుంటలో పడ్డప్పుడల్లా టోటో ఎగిరి పడుతోంది. దారిలో పోయింది, నేనేటి సెయ్యనూ. చెల్లెలు వద్దన్న ఆ మాటలే ఇప్పుడు తను అనాలి. అవి అబద్ధం కాదని రత్నం ఈ జన్మలో నమ్మదు. ఎలీసమ్మ పళ్ళు బిగించింది. వాడి ఉద్యోగం ఊడాలి, వాణ్ణి పోలీసులు బేడీలేసి తీసుకుపోవాలి, అది తను కళ్ళారా చూడాలి.

పోస్టాఫీసు కౌంటరులో గుమస్తా మైతీ బాబు కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. "ఏం దీదీ, మళ్ళీ వచ్చారు?"

"మైతీ బాబూ, నా పార్సిలు..."

ఆపైన మాట రాలేదు. చెవిలో బ్రేకులు కీచుమన్నాయి. అద్దం పగిలింది. ఆమె ఒళ్ళంతా ఒక పక్కకి తూలి కౌంటరుకి కొట్టుకుంది. తర్వాత నీటి చప్పుడు ఒక్కటే. ఆ నీటి వెనక గుండె, ఇందాకటి కంటే గబగబా.

"వ్యాను పడిపోయింది," అంది.

"ఎక్కడ?" అన్నాడు మైతీ బాబు. అతను అడిగింది అంతే.

డ్రైవరు పేరు రాజ్ కిరణ్. తాల్‌బగీచా కుర్రాడు, ఈ మధ్యనే కాంట్రాక్టు బండికి చేరాడు. ఫోను చేస్తే మోగలేదు. బెల్దా అవతల పెద్ద రోడ్డుకి అడ్డంగా చెట్లు పడ్డాయని, బళ్ళన్నీ ఊళ్ళలోంచి సందు దారులు పట్టాయని కాంట్రాక్టరు చెప్పాడు. ఏ దారిలో పోయాడో అతనికీ తెలీదు. వానకి మబ్బు కిందికి దిగి పట్టపగలే దీపాలు వేశారు.

ఎలీసమ్మ కుర్చీలో కూలబడి కుడి చెవి మీద చేయి అడ్డం పెట్టుకుంది. మొదట మూలుగు. తర్వాత, "ఎవలైనా ఉన్నారా? కోయీ హై?" అని కేక. ఎవరూ పలకలేదు. కాసేపటికి గుండె చప్పుడు దూరమైంది. జేబులోంచి పార్సిలు పైకి తీసినట్టున్నాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ పంపినవారి పేరు చదివాడు.

"ఎలీసమ్మ... నిమ్‌పురా... ఓలమ్మో! పిన్నీ, నీదా ఇది?"

ఆమె చెవి మీద చేయి ఇంకా గట్టిగా అదిమింది.

"పిన్నీ, నువ్వు ఇంటన్నావు గదా. అందరూ సెప్తారు. నేను రాజ్ కిరణ్ని. నా కాలు బండి కింద ఉండిపోయింది. తీద్దామంటే రావట్లేదు. ఇది సెరువో కాలవో తెలీట్లేదు. సుట్టూ రెల్లే. నీళ్ళు ఎక్కుతన్నాయి." కొంచెం ఆగాడు. "నేను దొంగతనం సేసినాను పిన్నీ. బేగు మూతి ఒదులుగా ఉంది. సిన్నగా ఉంది, సీళ్ళు మెరిసినాయి. ఎందుకు తీసినానో నాకే తెలీట్లేదు. పేరు కూడా సూడలేదు. నన్ను ఒగ్గీకు పిన్నీ."

మైతీ బాబు, మరో ఇద్దరు గుమస్తాలు, బస్తాల మనిషి ఆమె చుట్టూ నిలబడి ఉన్నారు. "ఏమంటున్నాడు?" అన్నాడు మైతీ బాబు.

"కాలు ఇరుక్కుపోయిందంట," అంది ఎలీసమ్మ. మిగతాది చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆలోచించే తీరిక కూడా లేదు.

అప్పుడే నీటి మీదుగా, ఎక్కడో, సన్నగా రైలు కూత.

"రైలు!" అంది. "పట్టాలు దగ్గర్లోనే ఉన్నాయి."

"ఏ రైలే?" అన్నాడు సుందర్ రాజు.

"కూతకి పేరుంటదా?"

సుందర్ రాజు జుట్టులోకి వేళ్ళు పోనిచ్చుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత ఫోను తీసి వెంకటరావుకి చేశాడు. వెంకటరావు వాళ్ళ వరసలోనే ఉంటాడు, రైల్వే కంట్రోలు ఆఫీసులో డ్యూటీ. ఆ లైనులో ఏ బండి ఎక్కడుందో అతని ముందు కనబడుతూ ఉంటుంది. సంగతి రెండు ముక్కల్లో విని, "వదినకి ఫోనియ్యి," అన్నాడు.

"వదినా, ఫోను ఎట్టీకు. ఒక్కో బండినీ ఒక్కో చోట కూయిస్తాను. ఇనబడితే సెప్పు. ఇప్పుడు నారాయణగఢ్ దగ్గర పాసింజరు."

ఎలీసమ్మ కళ్ళు మూసుకుంది. వాన. నీళ్ళు. రాజ్ కిరణ్ దగ్గు.

"లేదు."

"బెల్దా గూడ్సు."

ఏమీ లేదు. గోడ మీద ఫ్యాను తిరుగుతుంటే మైతీ బాబు లేచి అది కూడా ఆపేశాడు. కౌంటరు ముందున్న జనం ఎవరూ చెప్పకుండానే మాటలు మానేశారు.

"పిన్నీ, నీళ్ళు రొమ్ము దాకా వచ్చినాయి," అంది చెవిలో గొంతు. "సలేస్తంది."

"తొందరగా వెంకటరావూ!"

"ఇది నెకుర్సేని దాటిన ఇంకో గూడ్సు. ఇను."

సన్నగా, దూది లోంచి వచ్చినట్టు, కూత.

"ఉంది! ఉంది గానీ దూరం."

"అలాగే ఉండు. ఆ బండే దాంతన్ వేపు పోతంది. ఆగి ఆగి కూయమంటాను."

కూత పెరిగింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి నీళ్ళు కూడా వణికినట్టు. రాజ్ కిరణ్ ఏడుస్తూనే నవ్వాడు. "పిన్నీ, నువ్వేనా? నువ్వే కూయిస్తన్నావా?"

"అక్కడే! అక్కడే ఆపమను!" ఎలీసమ్మ లేచి నిలబడి అరిచింది.

గూడ్సు బండి ఆగింది. ఆ చుట్టుపక్కల పట్టాలు కాపలా కాస్తున్న గ్యాంగు మనుషుల్ని తాళ్ళతో పంపుతున్నానని వెంకటరావు చెప్పాడు. అయితే వాళ్ళు ఆ బురదలో, ఆ రెల్లులో పడి రావాలి. ఇటు గొంతు సన్నబడిపోతోంది.

"గెడ్డం దాకా వచ్చినాయి పిన్నీ. ఇది మునిగిపోతే నీకు నేను ఇనబడను. నెత్తి మీద ఎట్టుకుంటన్నాను."

ఇక గుండె లేదు. గుడ్డ మీద పడుతున్న వాన చినుకులు, కింద ఎక్కడో ఎగపోస్తున్న ఊపిరి. ఎలీసమ్మ దేవుణ్ణి తలుచుకుందో లేదో గుర్తులేదు. "అరవరా, అరవరా బాబూ," అని మాత్రం పైకే అంటూ కూర్చుంది, అతనికి వినబడదని తెలిసీ. అతను అరిచాడు. మాట కాదు, ఉత్త అరుపు. దూరంగా ఎవరో బదులు పలికారు. రెల్లు విరుగుతున్న చప్పుడు, బెంగాలీ మాటలు, "ఎయి తో! ధరో, ధరో!" ఇడుగో, పట్టుకో అన్న కేకలు. అంతలో పార్సిలు జారింది. బుడగల చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆమె చెవి మీంచి చేయి తీయలేదు. ఎంతో సేపటికి సుందర్ రాజు చేతిలో ఫోను మోగింది.

"తీసినారంట వదినా," అన్నాడు వెంకటరావు. "ఊపిరుంది."

కమ్మల సంగతి ఆమెకు ఇంటికెళ్ళి పొయ్యి మీద చల్లారిపోయిన అన్నం చూసినప్పుడు గుర్తొచ్చింది.

గ్యాంగు మనిషి ఒకతను నీళ్ళలోంచి తీసిన పార్సిలుని పోలీసులు పోస్టాఫీసుకి అప్పగించారు. సీళ్ళు చెడలేదు, కుట్టు తెగలేదు. మైతీ బాబు దాన్ని ఆరబెట్టి బారిపద పంపించాడు. అది తడి ఆరేకొద్దీ ఎలీసమ్మ చెవి కూడా తెరుచుకుంది. బస్టాండు రొద, మెట్లు, తలుపు కొట్టిన చప్పుడు, ఆ తర్వాత చెల్లెలి గొంతు. "ఎలీసమ్మక్క పంపదనుకున్నాను," అంటోంది రత్నం ఎవరితోనో. కత్తెర చప్పుడు. అక్కడితో ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఫోను వచ్చింది.

"గుడ్డ మీద బురదేటక్కా?"

"దారిలో వాన," అంది ఎలీసమ్మ.

రత్నం గొంతు సవరించుకుంది. "ఎట్టుకున్నాను. కొంచెం బరువుగానే ఉన్నాయి. అమ్మ రోజూ ఎలా ఎట్టుకునేదో." ఇంట్లో ఎవరినో అద్దం తెమ్మని కేకేసింది. "ఆదివారం వస్తావా మరి?" అంది రత్నం.

ఆదివారానికి ముందే ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చింది. ఎలీసమ్మ సుందర్ రాజుతో వెళ్ళేసరికి రాజ్ కిరణ్ మంచం పక్కన ఎస్ఐ కూర్చుని ఉన్నాడు. కాలికి పెద్ద కట్టు. కుర్రాడి మొహం ఆమె అనుకున్న దానికంటే లేతగా ఉంది. ఆమెను చూడగానే తల తిప్పుకున్నాడు.

ఎస్ఐ బెంగాలీలో మర్యాదగానే అడిగాడు. "మీ పార్సిలు ఇతని చేతిలో ఉందని గ్యాంగు వాళ్ళు చెప్పారు. మిగతావన్నీ బేగులోనే ఉన్నాయి. బేగు మూతి విప్పి ఉంది. ఇదొక్కటీ ఇతని చేతిలోకి ఎలా వచ్చింది?"

"నా పార్సిలుకి చెవి ఉందని ఊరంతటికీ తెలుసు కదా. సాయం కోసం తీశాడు."

"కాలు ఇరుక్కున్నవాడు వెనకున్న బేగు దాకా ఎలా వెళ్ళాడు?"

గదిలో మందుల వాసన. తను విన్నదాని గురించి ఆమె ఏనాడూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. సుందర్ రాజు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బండి తిరగబడ్డప్పుడు బేగు అతని పక్కనే వచ్చి పడింది," అంది. "నేను విన్నాను."

ఎస్ఐ ఆమె మొహంలోకి చూశాడు. ఎలీసమ్మ విన్నానంటే కాదనేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. అతను కూడా కాదనలేదు. టోపీ పెట్టుకుని, కుర్రాడి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

రాజ్ కిరణ్ గోడ వైపే తిరిగి ఉన్నాడు. దుప్పటి కింద వీపు కదులుతోంది. ఎలీసమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. చాలాసేపటికి అతను ఇటు తిరిగాడు.

"పిన్నీ, నా గుండె ఇంకా నీకు ఇనబడతందా?"

"లేదురా. అక్కడ కుట్టు తెంపేసినారు," అంది ఎలీసమ్మ. "ఇకమీదట నువ్వేటి సేసినా నాకు తెలీదు."