స్టూలు దిగిన చోటు

ఒక ఎండాకాలం తారు మెత్తబడి, బజారు వీధి మొదట్లో గొడుగులు బాగుచేసే ఆయన స్టూలు కాళ్లు రోడ్డులోకి దిగాయి. నాలుగు గుంటలు పడ్డాయి. "అక్కడే వేళ్లు తన్నేలా ఉన్నారు" అని భార్య దెప్పేది. నిరుడు ఎవడో కావాలనే జనం మీదికి వ్యాను తోలాడు. పనిలో తల వంచుకున్న ఆయన లేవనే లేదు. గుంటలు మిగిలాయి.

ఎదుట ఆడపడుచు టీకొట్టులో కూర్చుని ఆయన భార్య రోజూ వాటినే చూస్తుంది. మనిషి లేకపోవడానికి కూడా ఒక చోటు కావాలి. అది దొరకకపోతే ఇల్లంతా పరుచుకుంటుంది. ఆమెకిది అనుభవం మీద తెలిసింది.

ఇప్పుడు బండ్లు దూరకుండా వీధికి అడ్డంగా ఇనుప స్తంభాలు పాతుతున్నారు. మేస్త్రీ సుద్దతో గీసిన గుండ్రం సరిగ్గా ఆ గుంటల మీద పడింది.

ఆడపడుచు గయ్యిమంది. "ఏవయ్యా, ఇంత వీధిలో నీకు మా అన్న చోటే దొరికిందా?"

"నాకేం పగమ్మా? వరసలో అక్కడికే వచ్చింది."

"కాస్త జరిపితే నీ సొమ్మేం పోతుంది?"

"మీ వదినగారు జరపమంటే జరుపుతాను."

ఆమె రోడ్డు దాటి వచ్చింది. జరపమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "జరిపితే ఆ పక్కన ఎంత సందు మిగులుతుంది?"

మేస్త్రీ చేతులు చాచి చూపాడు. "చిన్న కారు పడుతుందమ్మా. అబద్ధమెందుకు?"

సందుకు ఆవల చెప్పులు కుట్టే ముసలాయన రోడ్డుకు వీపు పెట్టి, దారాన్ని పంటితో తెంపుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఇక్కడే తవ్వు."

"వదినా!"

"నువ్వుండు."

గునపం దెబ్బకు తారు పెచ్చులుగా లేచింది. ఒక పెచ్చు మీద ఒక గుంట చెక్కుచెదరకుండా వచ్చింది. మేస్త్రీ మట్టి దులిపి ఆమె చేతికిచ్చాడు. ఆమె అందులో బొటనవేలు పెట్టింది. వెచ్చగా ఉంది. ఎండ వేడి అని తెలుసు; తెలిసినా వేలు తీయబుద్ధి కాలేదు.

"ఇంటికి పట్టుకుపో వదినా," అంది ఆడపడుచు, గొంతు తగ్గించి.

ఆమె వంగి దాన్ని గోతిలోకి జారవిడిచింది. "ఇంట్లో ఊరికే కూర్చోవడం మీ అన్నకు ఏనాడు చేతనైంది?"

స్తంభం దింపి కాంక్రీటు పోశారు. అది కాస్త బిగిసేదాకా ఎవరైనా కదలకుండా పట్టుకోవాలన్నాడు మేస్త్రీ. కూలీ ముందుకు రాబోయాడు.

ఆమె అప్పటికే రెండు చేతులతో పట్టుకుంది.