పేర్ల చోట ఖాళీ గడులు

ద్రాక్ష కోతలు ముగిసిన వారం తేలవిలో ఎవరూ ఒళ్ళు వంచి పని చెయ్యరు. ఊరంతా నేలలో పాతిన వైన్ కుండల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. నేను మాత్రం రొట్టెల బట్టీ మీది గదిలో కూర్చుని కంప్యూటర్‌తో తగువు పడుతున్నాను. తప్పు నాది కాదు, ముందే చెబుతున్నాను. తప్పు తెంగిజ్‌ది.

తెంగిజ్ మా చిన్న ప్రచురణ సంస్థకు యజమాని. బళ్ళో నా వెనక బల్ల మీద కూర్చుని నా లెక్కలు చూసి రాసుకున్నవాడు, ఇప్పుడు నాకు జీతం ఇస్తున్నాడు. మా లోయలోని పాత ద్రాక్ష రకాలన్నిటినీ ఒక పుస్తకంగా తెస్తున్నాం. వివరాలు ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉన్నాయి: ఇది పేరు, ఇది ఊరు, ఇది ఆకు, ఇది కథ అని దేనికి దానికి గుర్తు పెట్టి. ఏ ముక్క పేజీలో ఎక్కడ ఎలా కనిపించాలో చెప్పేది స్టైల్‌షీట్ అనే మరో ఫైలు. రెండిటినీ కలిపి మీట నొక్కితే పీడీఎఫ్ తయారు కావాలి. వేసవి దాకా బుద్ధిగా తయారైంది కూడా. అప్పుడు తెంగిజ్ నాతో మాటమాత్రం చెప్పకుండా ఆ ప్రోగ్రాం కొత్త వెర్షన్ ఎక్కించాడు.

శుక్రవారం పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి. బుధవారం తీసిన పీడీఎఫ్‌లో ద్రాక్షల పేర్లు ఒక్కటీ లేవు. ప్రతి పేజీలో పైన పేరుండాల్సిన చోట వరసగా ఖాళీ గడులు.

"ఎలికో, పేర్లన్నీ ఎవరు మింగేశారే?" అన్నాడు తెంగిజ్.

"నువ్వే. వెర్షన్ మార్చిందెవడు?"

"కొత్తదైతే బాగుంటుందనుకున్నా."

"నీ కారుకి కొత్త బ్రేకులు వేయించినప్పుడూ అలాగే అనుకున్నావు. ఎక్కడ ఆగింది? పోలీస్ స్టేషన్ గోడ దగ్గర."

ఈ రభసకు నవ్వుతున్నది కిటికీ దగ్గర కూర్చున్న షక్రో తాత ఒక్కడే. ఎనభై దాటిన మనిషి. ఆయన ఇంటికీ పక్కింటికీ నడుమ కంచె మీద ఒక ముసలి ద్రాక్ష తీగ ఉంది, లోయలో అలాంటిది ఇంకొకటి లేదు. పక్కింటి గివి అతిథిగృహం కడుతున్నాడు, వసంతంలో ఆ కంచె తీసి గోడ లేపుతానంటున్నాడు. అంత ముసలి తీగను పెకలిస్తే ఇంకోచోట బతకదు. ఈ శీతాకాలం నర్సరీ వాళ్ళు వచ్చి కొమ్మలు తీసుకెళ్ళి అంటుమొక్కలు కడతారు, కానీ మా పుస్తకంలో పేరుతో సహా ఉన్న రకాలకే. అందుకని తాత రోజూ కింద నుంచి వేడి రొట్టె, జున్ను, ఒక సీసా వైన్ పట్టుకొచ్చి మా మీద నిఘా వేస్తున్నాడు. గడుల కాగితం చూసి కూడా "బాగుంది తల్లీ, చాలా బాగుంది," అన్నాడు. చూపు మందగించిందనుకున్నాను.

నేను పనిలో పడ్డాను. కింద కథలో అక్షరాలు చక్కగా ఉన్నాయి, పైన పేర్లలోనే గడులు. రెండిటికీ ఫాంటు ఒకటే. మా దగ్గరున్న వేరే ఫాంట్లు వేసి చూశాను, మళ్ళీ గడులే. విసుగెత్తి ఒక వరస గడులను కాపీ చేసి వేరే చోట అతికించాను. అక్కడ పేరు కనబడింది! అయితే మామూలు అక్షరాల్లో కాదు, దుకాణాల బోర్డుల మీద రాసే నిటారు అక్షరాల్లో.

అప్పుడు అర్థమైంది. ఆ స్టైల్‌షీట్ తెంగిజ్ ఎవరో విదేశీయుల దగ్గర సంపాదించింది. శీర్షికలన్నిటినీ పెద్దబడి అక్షరాల్లోకి మార్చమని అందులో ఒక లైను ఉంది. మేం రాసుకునే రాతలో పెద్దబడి, చిన్నబడి అనే తేడా లేదు. పాత వెర్షన్ ఆ లైనును చూసీ చూడనట్టు పోయేది. కొత్తది అతి తెలివితో మా అక్షరాలను కూడా ఆ బోర్డు అక్షరాలుగా మార్చేసింది, మా పాత ఫాంట్లలో అవి లేవు. లేని అక్షరానికి గడి పెట్టింది. ఆ ఒక్క లైను తీసేశాను. పేర్లన్నీ తిరిగొచ్చాయి.

"పేర్లు కాస్త గంభీరంగా ఉంటాయనుకున్నా," అని గొణిగాడు తెంగిజ్.

"గంభీరం కావాలంటే మీసం పెంచుకో."

ఇక మిగిలింది షక్రో తాత పేజీ. ఆయన చెప్పిన కథ పొడుగు. చివరి లైన్లు పేజీ అడుగున తెగిపోతున్నాయి.

"నాలుగు లైన్లు కోసెయ్యి, పోతుంది," అన్నాడు తెంగిజ్, తాత ఎదురుగానే.

"కొయ్యడానికి నీ క్రాఫా అది?" అన్నాను. వెతికితే అదీ స్టైల్‌షీట్ నిర్వాకమే. కథను రెండు పేజీలకు విడదీయకూడదని కట్టడి పెట్టి ఉంది. పట్టనిది కిందికి జారి మాయమైపోతోంది. ఆ కట్టడి ఎత్తేయగానే మిగతా లైన్లు పక్క పేజీలోకి వచ్చి కూర్చున్నాయి.

సంబరంగా ఆ రెండు పేజీలూ కాగితం మీద తీసి తాత చేతిలో పెట్టాను. పైన చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. శీర్షిక ఉండాల్సిన చోట, చక్కని అక్షరాల్లో, "పేరు తెలియదు" అని ఉంది.

తెంగిజ్ తల గోక్కున్నాడు. "తర్వాత చెప్తానన్నావు కదా తాతా. అందాకా అలా కొట్టి పెట్టా."

"మొదటి కాగితమే బాగుంది తల్లీ," అన్నాడు తాత. "పేరుమోసిన రక్‌చితెలి ద్రాక్షకీ గడులే, సపెరవికీ గడులే, నాదానికీ గడులే. వాటి సరసన దర్జాగా కూచుంది. ఇప్పుడు అన్నిటికీ పేర్లొచ్చేశాయి, నాదొక్కటే మిగిలిపోయింది. ఇలా చూస్తే నర్సరీ వాళ్ళు గుమ్మం కూడా తొక్కరు."

నేను బాగుచేశానని పొంగిపోతున్నది ఆయనకు ఇలా తగిలింది.

"ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారు తాతా?"

"అవి పుస్తకంలో వేసే మాటలు కావులే."

ఆయన చేతిలోంచి రెండో పేజీ తీసుకుని, తెంగిజ్ కోసెయ్యమన్న లైన్లు పైకి చదివాను. "ఊళ్ళో అందరి కోతా అయ్యాక గానీ ఇది పండదు. మా ఆవిడ డోడో ఏటా బుట్ట పట్టుకుని కంచె దగ్గర నిలబడి, ఏమే గ్వియానా, ఇప్పటికి తెల్లారిందా నీకు, అంటుంది."

గ్వియానా, అంటే ఆలస్యంగా వచ్చేది.

"ఇంకేం, పేరు ఉందిగా!"

"అది తిట్టు తల్లీ!"

"రక్‌చితెలి అంటే ఏంటి? ఎర్ర కాడ. ఎవడో కాడ చూసి పెట్టాడు. దానికేమైనా రాజుగారు బారసాల చేశాడా?"

ఈలోగా తెంగిజ్, జన్మలో మొదటిసారి పనికొచ్చే పని చేస్తూ, డోడోకి ఫోన్ కలిపాడు. ఆమె గొంతు గదంతా వినపడింది.

"నా తిట్టు పుస్తకంలో వేస్తారా? వేసుకోండి. ముందు నా పేరు కూడా తగిలించండి. ఇన్నేళ్ళూ చలిలో నిలబడి దాని కోసం ఎదురుచూసింది నేను, మీ తాత కాదు. ఆయన పొయ్యి దగ్గరుండి కేకలేసేవాడు."

తాత గబగబా ఒక జున్ను ముక్క నోట్లో వేసుకున్నాడు.

పేరు అన్న గుర్తు మధ్యలో ఉన్నది చెరిపేసి "డోడోస్ గ్వియానా" అని, అంటే డోడో గారి గ్వియానా అని కొట్టాను. మీట నొక్కాను. రక్‌చితెలికి ఎంత అక్షరమో దీనికీ అంతే అక్షరం, పేజీ నడుమ, ఒక్క గడి లేకుండా. తాత పేరు మీద వేలు పెట్టి మెల్లగా చదివాడు, మళ్ళీ చదివాడు. మేం టీ గ్లాసుల్లో వైన్ పోసుకున్నాం. తాగే ముందు ఎప్పుడూ పావుగంట మాట్లాడే మనిషి, లేచి నిలబడి ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేశాడు.

తర్వాత మూతి తుడుచుకుని తెంగిజ్ వైపు తిరిగాడు.

"గివికి ఫోన్ చెయ్యి నాన్నా. నర్సరీ వాళ్ళు కొమ్మలు తీసుకెళ్ళగానే గోడ కట్టుకోమను."