నాలుగో సీసా, నా ఎడమచెయ్యి

అద్దం తుడిచాడు కానీ మూలలు వదిలేశాడు, మూలలు వదిలేసే గుణం మావాడికి నా వైపు నుంచే వచ్చి ఉంటుంది, ఆయనైతే మూలల్లోంచే మొదలుపెట్టేవారు, సరే, ఇప్పుడు మూలలెవరు చూస్తారు, అద్దానికి అవతల ఇవాళా జనం నిలబడే ఉన్నారు, కొట్టు ఇంకా తెరవనే లేదు, ఒకావిడ సీసా తీసి అద్దానికి ఆనించి నాకు చూపిస్తోంది, నేనేదో ఆ సీసాని ఎన్నడూ ఎరగనట్టు, నాలుగో సీసా అది, దానికి ఆయన పేరు పెట్టలేదు, కన్నకొడుక్కి పేరు పెట్టడానికే ఏడాది నాన్చిన మనిషి సెంటుకేం పెడతారు, అలమరలో ఎడమ పక్క నుంచి నాలుగోది గనక నాలుగో సీసా అన్నారు జనం, అదే నిలిచిపోయింది, మిగతా సీసాలు వచ్చాయి, పోయాయి, దీన్ని మాత్రం బస్సు డ్రైవర్లు పూసుకున్నారు, నర్సులు పూసుకున్నారు, అక్క సీసాలో చెల్లెలు గుట్టుగా నీళ్ళు కలిపి పెట్టి దెబ్బలు తిన్న ఇళ్ళు నాకు తెలుసు, అలాంటి సెంటు మారిపోయింది, చెడిపోయింది, మోసం అని నలుగురూ నోరు పారేసుకుంటున్నారు, కొత్త సరుకు బయటికెళ్ళిన దగ్గర్నుంచీ ఇదే వరస, పక్కన మనవరాలు ఫోన్లో వచ్చినవన్నీ చదువుతోంది, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుందిగా, మూలిగేవాళ్ళని చూసి చూసి దీనికి గుండె గట్టిపడింది, విను నానమ్మా, ఒకాయన మా పెళ్ళినాటి సెంటు అని కొంటే పంచదార పాకంలో పడ్డట్టుంది అంటున్నాడు, ఇంకొకావిడ డబ్బు వెనక్కి వద్దు నా పాత వాసన నాకివ్వండి అంటోంది, ఇంకొకడు దోమలు పారిపోతున్నాయి సంతోషం అంటున్నాడు, దానికి నవ్వొచ్చింది నాకు, నవ్వే వేళ కాదని మూతి బిగించాను, తర్వాతది చదవకుండానే దీని బొటనవేలు గబుక్కున జరిగింది, నాకు అక్షరాలు అంతగా రావు కానీ వేలు తడబడితే తెలియదూ, ఏముందే అందులో అన్నాను, ఏం లేదులే అంది, చెబుతావా చెప్పవా అంటే గొంతు తగ్గించి, కలపడం కోడలి చేతికొచ్చాకే చెడిందట నానమ్మా అంది, ఎంత మెల్లగా అన్నా వెనక గదిలో కుళాయి చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది, అక్కడ మా కోడలు చుక్కలు కొలిచే గాజు గొట్టాలు కడుగుతోంది, కడిగినవే కడుగుతోంది పొద్దుట్నుంచీ.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు, ఇక్కడ సెంటు మీద కోపం కోడలి మీద, ఊళ్ళోవాళ్ళంటే అన్నారు, మావాడు కూడా రాత్రి అన్నం ముందు కూర్చుని, అమ్మా, ఇక లాభం లేదు, ఫ్యాక్టరీవాళ్ళకి ఇచ్చేద్దాం, మిషను కలుపుతుంది, ఎప్పుడూ ఒక్కలాగే వస్తుంది, రేపు సాయంత్రంలోగా మాట ఇమ్మన్నారు అన్నాడు, పెళ్ళాం వైపు చూడకుండా అన్నాడు, నీళ్ళ చెంబుతో చెప్పినట్టు చెప్పాడు, ఆ పిల్ల వడ్డిస్తూ ఉన్న గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికెళ్ళింది, అరిస్తే బాగుండును, కలిపే బల్ల ముందు నుంచి లేపేస్తే ఆ పిల్లకి ఈ ఇంట్లో ఏం మిగులుతుంది, అంట్లూ గుడ్డలూ ఎవరైనా చేస్తారు, ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడే దాని వీపు నిటారుగా ఉంటుంది, నేను చూశాను, పెళ్ళయి వచ్చిన మర్నాడు గుమ్మంలో నిలబడి, అత్తయ్యా, లోపల ఎవరైనా తడి పెన్సిళ్ళు చెక్కుతున్నారా అని అడిగిందే, లోపల ఆయన దేవదారు నూనె కాస్తున్నారు, ఎత్తుపీట మీంచి లేచొచ్చి దాని మొహంలోకి చూసి, ఏమన్నావమ్మా, మళ్ళీ అను అన్నారు, ఇది భయపడిపోయి నాకేం తెలియదు మామయ్యగారూ అంది, ఆయన నవ్విన నవ్వు నాలుగిళ్ళ అవతలికి వినబడింది, అంతకు ముందు మావాడికి నేర్పబోయి ఎంత విసిగిపోయారని, ఇది నారింజ పూవా నిమ్మగడ్డా చెప్పరా అంటే వీడు తుమ్మేవాడు, ఏడాది పొడుగునా జలుబే, వీడి ముక్కు కళ్ళజోడు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు అని తేల్చేశారు, అప్పట్నుంచీ కోడలే శిష్యురాలు, ఆయన పోయాక కోడలే అన్నీ, జనం అప్పుడూ అన్నారు ఆడపిల్ల ఏం కలుపుతుందని, కలిపింది, ఎవరూ తేడా కనిపెట్టలేదు, ఏళ్ళ తరబడి కనిపెట్టలేదు, ఇప్పుడేమొచ్చింది మాయరోగం.

తలుపు తీశాడు, వచ్చేశారు లోపలికి, ముందు కుట్టుమిషను ఆవిడ, మెళ్ళో కొలత టేపు వేసుకునే వచ్చింది, ఆ వెనక లెక్కల మాస్టారు, మరో ఇద్దరు ముగ్గురు, మావాడు నమస్కారాలు పెడుతున్నాడు, డబ్బు తిరిగిస్తామండీ, మన్నించండి, ఇకమీదట ఫ్యాక్టరీలో చేయిస్తున్నామండీ అంటున్నాడు, అంటే తప్పు ఒప్పేసుకున్నట్టేగా, వెనక కుళాయి కట్టేసిన చప్పుడు, ఆ పిల్ల వింటోంది, నీ డబ్బెవరికి కావాలయ్యా అంది కుట్టుమిషను ఆవిడ, తిన్నగా నా కుర్చీ దగ్గరికొచ్చి, మామ్మగారూ, మీరు చెప్పండి, మా అమ్మకి చూపు పోయిందని మీకు తెలుసుగా అంది, తెలుసు, పాపం ఆవిడ చీకటి పడ్డా దారం ఎక్కిస్తూనే ఉండేది, కూతురు చెప్పుకుపోతోంది, నేను గదిలోకొస్తే అడుగులు వినకముందే వచ్చావా తల్లీ అనేది మామ్మగారూ, ఈ వాసన పట్టుకునే అనేది, మొన్న మీ కొత్త సీసా రాసుకుని వెళ్ళాను, మంచమ్మీద కూర్చుని దుప్పటి దగ్గరికి లాక్కుని ఎవరమ్మా నువ్వు అంది, నేనే అమ్మా అన్నా నమ్మలేదు, మా అమ్మాయి ఇలా ఉండదు అంది, చెప్పి ఆవిడ టేపు కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, చుట్టుకుంటోంది, ఆ దోమల వాడు కూడా ఇక్కడే ఉంటే నోరు మూసుకునేవాడు, నేను ఎడమచెయ్యి చాపాను, చూడమ్మా, ఈ సరుకే, కోడలు నా చేతి మీద వేసి చూశాకే బయటికి పంపింది, పొద్దున మళ్ళీ నేనే ఒక చుక్క వేసుకున్నాను, వాసన చూడు, ఏం మారింది అన్నాను.

ఎందుకంటే మా ఇంట్లో పద్ధతి అది, ఆఖరి పరీక్ష నా మణికట్టే, కలిపేవాళ్ళ చేతికి పొద్దుట్నుంచీ నూనెలు పట్టి ఉంటాయి, కాగితం మీద వాసన కాగితం వాసనే, ఒంటి వేడికి విచ్చుకున్నప్పుడు గదా తెలిసేది, అందుకని ఆయన ఒక చుక్క నా ఎడమ మణికట్టు మీద వేసేవారు, నేను ఆ చెయ్యి గాల్లో పెట్టుకుని ఒంటిచేత్తో ఇల్లంతా తిరిగేదాన్ని, పాలు పొంగినా ఒంటిచెయ్యే, పిల్లాడు పడినా ఒంటిచెయ్యే, ఆరేసిన బట్టలు ఆరేవేళకి ఆయన వచ్చి వాసన చూసి, పువ్వు తగ్గింది అంటే ఒక చుక్క పూల నూనె, చెక్క తగ్గింది అంటే ఒక చుక్క దేవదారు, నా చేతి మీద సరిపోతే సరుకు బయటికెళ్ళేది, లేకపోతే లేదు, మా చిన్నకొట్టుకి అదే తూకం, అదే ముద్ర, ఆయన పోయేముందు కోడలికి చెప్పిన ఆఖరి పని మాట కూడా అదే, ఎవరేం చెప్పినా వినకమ్మా, మీ అత్తయ్య చెయ్యి చూసి కలుపు అని.

కుట్టుమిషను ఆవిడ వంగి నా చెయ్యి వాసన చూసింది, కళ్ళు మూసుకుంది, తెరిచింది, ఇదే అంది, ఇదేనండీ మాస్టారూ పాత వాసన, మాస్టారూ కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు, అవునమ్మా, సందేహం లేదు అన్నారు, హమ్మయ్య అనుకున్నానో లేదో ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని, ఓహో, అయితే మంచిది మీరు దాచుకుని మాకు పాకం అమ్ముతున్నారన్నమాట అంది, గోరుచుట్టు మీద రోకటిపోటు, మావాడు తెల్లబోయి లోపలికి చూశాడు, వెనక గది తలుపు దగ్గర కోడలు తడిచేతులు కొంగుకి తుడుచుకోవడం కూడా మరిచిపోయి నిలబడింది, అది దొంగతనం చేసినట్టు అందరూ దాన్నే చూస్తున్నారు, నాకు ఒళ్ళు మండిపోయింది, నీ సీసా పక్కన పెట్టు అన్నాను ఆవిడతో, పొద్దున నేను వేసుకున్న ఈ సీసాలోదే నువ్వు రాసుకో, అదే నీ చేతి మీద ఏమవుతుందో చూద్దాం, రాసుకుంది, కాసేపు ఆగమన్నాను, మాస్టారుగారికి స్టూలు వేయించాను, ఆగడం ఎవరికీ చేతకాదు ఈ రోజుల్లో, ఆవిడ చెయ్యి ఊపుతుంది, ఊదుతుంది, అది వేడి పాలు కాదే తల్లీ అన్నాను, తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాను, నిజమే, పాకమే, పూవంతా కుప్పపోసినట్టు, గొంతుకడ్డం పడేంత తీపి, ఒక్క సీసాలోదే, నా చేతి మీద ఒకటి, ఆవిడ చేతి మీద ఇంకొకటి.

మాస్టారి జేబులో పాత సరుకు అడుగున మిగిలిన సీసా ఉంది, మా ఆవిడది, ఎప్పటిదో, పారెయ్యలేదు అని సిగ్గుపడుతూ ఇచ్చారు, అది నా కుడిచేతి మీద వేయించుకున్నాను, మనవరాలే వేసింది, ఆగాను, ఈసారి నేనూ ఆగలేకపోయాను, చూద్దును కదా ఏమీ లేదు, గాలిలో కలిసిపోయింది, పూవు లేదు, అడుగున ఎక్కడో చెక్క ఒక్కటి, ఖాళీ పెన్సిలు పెట్టె తెరిచినట్టు, అదే చుక్క మనవరాలు తన చేతి మీద వేసుకుంది, అమ్మో, కొట్టంతా నిండింది, ఇదీ, ఇదీ అని కుట్టుమిషను ఆవిడ దాని చెయ్యి పట్టుకుని వదలదు, నేను నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను, ఎండిన ఆకులా చర్మం, గిల్లితే గిల్లిన చోటే నిలబడుతుంది, ఎప్పుడు ఇలా అయ్యాయి ఇవి, చన్నీళ్ళు పోస్తే నిలవకుండా జారే చేతులు, పొద్దునొక మాత్ర రాత్రొక మాత్ర మింగే ఒళ్ళు, దీని మీద పూవు నిలబడుతుందా, నిలబడదు, నిలబడకపోతే కోడలు ఏం చేస్తుంది, చెప్పినట్టే చేస్తుంది, ఒక చుక్క వేస్తుంది, మళ్ళీ తయారీకి ఇంకొక చుక్క, అలా నా చెయ్యి ఎండినకొద్దీ పూవు పోస్తూ వచ్చింది, జనం ముక్కులు కొంతకాలం సర్దుకున్నాయి, ఇక సర్దుకోలేకపోయాయి, అంతే కదూ, ఇంతేనా అనిపించింది, ఇంతకే ఆ పిల్ల వీపు వంగాలా.

లేవలేను గానీ లేచాను, కుర్చీ చెయ్యి పట్టుకుని, అందరూ వినండి అన్నాను, మా కోడలు కలపడంలో వెంట్రుకవాసి తేడా లేదు, తూకంరాయే అరిగిపోయింది, అరిగింది నా చెయ్యి, మీరు తిడితే దీన్ని తిట్టండి అని ఎడమచెయ్యి ఎత్తి చూపించాను, ఎవరు తిడతారు ముసలిచేతిని, మాస్టారు లేచి నిలబడ్డారు ఎందుకో, మావాడు ముక్కు చీదుకున్నాడు, ఈసారి జలుబు కాదు, ఏరా, ఫ్యాక్టరీ మిషనుకి చేతులుంటాయా అన్నాను, ఉండవమ్మా అన్నాడు, మరి చెప్పు వాళ్ళకి, చెప్తానమ్మా, మన్నించమని చెప్పాల్సింది నాకు కాదు అన్నాను, వాడు పెళ్ళాం దగ్గరికెళ్ళి ఏదో గొణిగాడు, నాకు వినబడలేదు, అది మాత్రం పైకే, ముందు ఆ మూలలు తుడవండి అంది, నవ్వారు అందరూ, కుట్టుమిషను ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి జరుపుకుని, ఇకమీద నా చేతి మీద చూడమ్మాయ్, రోజంతా ఇస్త్రీపెట్టె పట్టుకునే చెయ్యి, వేడికి కొదవలేదు, మా అమ్మ కూడా పక్కనే ఉంటుంది, బాగోకపోతే మొహం మీదే చెప్తుంది అంది, కోడలు తలూపింది, సరే పిన్నిగారూ, పాత లెక్కకి కలిపి సాయంత్రం తెస్తాను అంది, వీపు నిటారుగా అయింది, చూశాను.

వాళ్ళంతా వెళ్ళాక కోడలు వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది, నీకు తెలియలేదుటే ఇన్నాళ్ళూ అన్నాను, తెలిసీ తెలియనట్టుండేది అత్తయ్యా అంది, ప్రతిసారీ ఇంకో చుక్క పట్టేది, మీ ఒంట్లో ఏమవుతోందో అని భయమేసేది, కానీ వేరే చెయ్యి పట్టుకోవాలంటే మనసొప్పలేదు అంది, పిచ్చిదానా అన్నాను, అది నా ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది, ముక్కు దగ్గరికి తీసుకోలేదు, ఊరికే పట్టుకుంది, వేళ్ళు ఇంకా కుళాయి నీళ్ళకి చల్లగా ఉన్నాయి, వేరే చెయ్యి, నిజమే, వేరే చేతులు ఆ రోజుల్లో మాత్రం లేవా, ఆయన చెల్లెలు ఉండేది ఇంట్లో, నాకంటే చిన్నది, వెన్నలాంటి చేతులు, అన్నయ్యా నా చేతి మీద చూడరాదూ వదిన పనిలో ఉంది అని ఎన్నిసార్లు అడిగిందో, నీ చెయ్యి పనికిరాదులే అనేవారు, అత్తమామలూ ఆడబిడ్డలూ తిరిగే ఇల్లు, మొగుడూ పెళ్ళాలు పగటిపూట పక్కపక్కన నిలబడితేనే దగ్గు వినబడే ఇల్లు, ఆ ఇంట్లో ఆయన అందరి ముందూ వంటింట్లోకొచ్చి దర్జాగా నా చెయ్యి పట్టుకునేవారు, పని మరి, ఎవరేమంటారు, కళ్ళు మూసుకుని నిలబడేవారు, కూర మాడుతోందండీ అంటే ఉండు, ఇంకా తేలలేదు అనేవారు, నేనూ నమ్మాను, సెంటంటే అంత కష్టం కాబోలనుకున్నాను, వాసన చూడడానికి అంతసేపు అక్కర్లేదు, ఈ పిల్లకీ ఇప్పుడు నా చెయ్యి అక్కర్లేదు, అయినా వదల్లేదు.