గట్టిగా పడితేనే అడుగు

సుకుమారికి ముల్లంటే భయం. పాములకూ తేళ్ళకూ జంకని మనిషి, ముల్లు మాట ఎత్తితే మాత్రం ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. దానికి కారణం పెదనాయన రాజమోహన్. ఆయనకు షుగరు. పొలంలో తుమ్మముల్లు దిగితే ఆయనకు తెలియనే లేదు. తెలిసేసరికి కాలు నల్లబడింది. నెల్లూరులో మోకాలి దాకా తీసేశారు. ఆ తరువాత ఎన్నాళ్ళో బతకలేదు.

ఇప్పుడు అదే షుగరు ఆమె నాయన జయపాల్‌ను పట్టుకుంది. అరికాళ్ళు అప్పుడే మొద్దుబారుతున్నాయి. ఆత్మకూరు డాక్టరు చెప్పింది రెండే మాటలు. రోజూ నడవాలి. తానిచ్చిన మెత్తటి చెప్పులు లేకుండా అడుగు బయటపెట్టకూడదు.

జయపాల్‌కు నడవమంటే ప్రాణం మీదికొస్తుంది. ఉదయగిరి బస్టాండు దగ్గర అరుగెక్కి కూర్చున్నాడంటే రాజకీయాలతోనే పొద్దు పుచ్చే మనిషి. భార్య లిదియమ్మ మాట ఏనాడు విన్నాడు గనుక! సుకుమారి చూస్తే ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు టీచరు. అక్కడే గది తీసుకుని ఉంటుంది, శనివారం ఇంటికొస్తుంది. మరి వారమంతా ఆయన్ని ఎవరు కనిపెట్టాలి?

బడి పిల్లలకు కోడింగు నేర్పే అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి నాయన కోసం తెప్పించింది. అదురును పసిగట్టే సెన్సారు అందులోనే ఉంటుంది. చీలమండకు కట్టుకుంటే, పాదం నేలకు తగిలిన ప్రతిసారీ లెక్కకు ఒకటి కలపాలి, బటను నొక్కితే ఎర్రదీపాల్లో ఆ లెక్క చూపాలి. పట్టుమని పది వరుసల ప్రోగ్రాము.

దాన్ని కాలికి కట్టుకునే బస్సెక్కింది. ఆ రోడ్డు సంగతి ఎక్కినవాళ్ళకే తెలుసు. సీటులో కదలకుండా కూర్చున్న మనిషి, దిగేసరికి ఉదయగిరి కొండ ఎక్కి దిగినట్టు బోర్డు లెక్క చూపింది. ఇలాగే ఇస్తే నాయన ఆటోలో తిరిగొచ్చి నడిచానంటాడు. అదురు ఎంత గట్టిగా తగిలితే అడుగనుకోవాలో ఆ అంకెను పెంచేసింది. ఇంట్లో బండల మీద వట్టికాళ్ళతో నడిచి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. తన తెలివికి తానే మురిసిపోయింది కూడా. ఆదివారం దాన్ని నాయన కాలికి కట్టి, రోజూ లెక్క చూసి చెప్పమని ఆత్మకూరు వెళ్ళింది.

సోమవారం సాయంత్రం ఫోను చేసింది. ఆయన చెప్పిన లెక్క వింటే ఒళ్ళు మండింది.

"ఇంతేనా నాయనా?"

"రెండు పూటలా చర్చి చుట్టూ తిరిగినానమ్మా."

"మిషను అబద్ధం చెప్తాదా? అరుగు మీద కూర్చోని నాకు కతలు చెప్పబాక. పెదనాయన గతి పట్టాల్నా నీకు?"

అంతమాట అన్నందుకు ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. కానీ భయం మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది.

బుధవారానికి లెక్క ఒక్కసారిగా పెరిగింది. గురువారం ఇంకా పెరిగింది. సుకుమారి స్టాఫ్‌రూములో అందరికీ చెప్పుకుని మురిసింది.

శనివారం ఇంటికొచ్చేసరికి లిదియమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర ఉంది.

"తిరగను పోయినాడు. నీ మిషను వచ్చినాక మనిషి ఇంటి పట్టున ఉంటేగదా!" అంది సంతోషంగా.

కాళ్ళు కడుక్కుందామని సుకుమారి వసారాలోకి వచ్చింది. గచ్చు మీద మచ్చలున్నాయి. కొన్ని ఎండి గోధుమరంగుకు తిరిగాయి. గడప దగ్గరివి ఇంకా తడిగా, ఎర్రగా ఉన్నాయి. అన్నీ మడమ ముద్రలే, అన్నీ ఒక్క కాలివే. మూలన మెత్తటి చెప్పులు దుమ్ము పట్టి ఉన్నాయి.

ఉన్నపళంగా చర్చి వైపు పరుగెత్తింది. చర్చి వెనక కంకర బాటలో, ముళ్ళకంచె వారగా, జయపాల్ వట్టికాళ్ళతో నేలను దంచుకుంటూ నడుస్తున్నాడు. కూతుర్ని చూడగానే ముఖం చేటంతయింది.

"ఈ పొద్దు ఎంతయిందో చూడమ్మా!"

"చెప్పులేవి నాయనా?"

"అవి ఏసుకుంటే నీ మిషను గుర్తుపట్టదమ్మా. అడుగు మెత్తగా పడతాది గదా! వట్టికాళ్ళతో గట్టిగా తొక్కితే బ్రెమ్మాండంగా లెక్కేస్తా ఉండాది. మంగళారం కనిపెట్టినాను."

పాదానికి అదురు తగలకూడదనే డాక్టరు ఆ చెప్పులిచ్చాడు. బస్సు కుదుపులకు భయపడి తాను పెంచిన అంకె, ఆ అదురు ఉంటే గాని అడుగని ఒప్పుకోలేదు. సోమవారం నాయన నిజమే చెప్పాడు.

వంగి ఆయన కాలు పైకెత్తింది. మడమలో ముల్లు మొదలంటా దిగి ఉంది. చుట్టూ చీము పట్టింది.

"నొప్పి లేదా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "ఉండాది... కొంచెం ఉండాదిలేమ్మా."

ఆటో మాట్లాడుకుని ఆత్మకూరు బయలుదేరారు. దారి పొడుగునా ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని, ప్రభువా, ఈ కాలు ఉంచు అని లోలోపలే మొక్కుకుంది. బోర్డు విప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"తీయబాక. ఈ పొద్దు లెక్క పోతాది."

ఆసుపత్రిలో ఆయన్ని మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు సన్నటి తీగతో అరికాలు తాకిస్తూ, "తగిలిందా?" అని అడుగుతున్నాడు.

"ఆఁ, తగిలినాది."

"ఇప్పుడు?"

"తగిలినాది సార్."

"స్పర్శ కొంత ఉన్నట్టే ఉంది. పోయినసారీ ఇలాగే చెప్పారు," అన్నాడు డాక్టరు.

సుకుమారికి ప్రాణం లేచొచ్చింది. అంతలో నాయన కళ్ళు ఎక్కడున్నాయో గమనించింది. ఆయన చూస్తున్నది తన ముఖాన్ని. తీగ తగిలినప్పుడల్లా తాను కళ్ళు చిట్లిస్తోంది, చిట్లించినప్పుడల్లా ఆయన తగిలిందంటున్నాడు. పోయినసారి కూడా తాను ఇక్కడే నిలబడింది.

ఆయనకు తన ముఖం కనబడకుండా మెల్లగా గోడ వైపు తిరిగింది.

వెనక డాక్టరు ఇంకేమీ అడగలేదు. కత్తెరల చప్పుడు, దూది చింపిన చప్పుడు వినబడ్డాయి. కాసేపటికి పళ్ళెంలో ఏదో టక్కుమని పడింది. ముల్లు.

"కానీండి సార్, నేను ఓర్చుకుంటా," అన్నాడు జయపాల్. "ఎప్పుడు మొదలుపెడతారు?"